బోల్టు పోయినా పర్లేదు

పాత జీపు ఎడమ చక్రాల నట్లు లోకం నట్లలా తిరగవు. విల్లీస్ తరహా జీపుల్లో కుడి చక్రాలకు మామూలు మర, ఎడమ చక్రాలకు ఎదురు మర. బండి ముందుకు పోతుంటే ఎడమ చక్రం తిరిగే దిక్కుకి మామూలు నట్టు వదులైపోతుందేమోనని ఆనాటి ఇంజనీర్లు చేసిన ఏర్పాటది. స్టడ్డు కొసన ‘ఎల్’ అని చిన్న గుర్తు కొట్టి ఉంటుంది. తుప్పు కింద, మట్టి కింద అది కనపడదు. తెలియనివాడు పానాకి బారెడు పైపు తొడిగి, విప్పుతున్నాననుకుంటూ శక్తికొద్దీ బిగిస్తాడు. స్టడ్డు ఫట్‌మంటుంది. నింద మాత్రం తుప్పు మీద పడుతుంది.

పట్టేసిన భాగాలు విప్పడం కండబలం పని అనుకునేవాళ్లు ఎక్కువ. విశాఖ గాజువాక ఆటోనగర్ షెడ్లలో చెయ్యి తిరిగిన మేస్త్రిని గమనిస్తే సంగతి వేరుగా ఉంటుంది. పానా ఎత్తకముందే ఆయన ఒకటి తేల్చుకుంటాడు: ఇక్కడ ఏది పోయినా పర్లేదు, ఏది పోకూడదు? బోల్టూ నట్టూ బజార్లో దొరుకుతాయి. అవి దిగిన పోత ఇనుము బ్లాకు, ఛాసిస్ గొట్టంలో అతికిన నట్టు, యాక్సిల్ హౌసింగు దొరకవు. ఈ ఒక్క లెక్క మనసులో ఉంటే ఎక్కడ ఓపిక పట్టాలో, ఎక్కడ కోసి పారేయాలో దానంతటదే తెలుస్తుంది. యూ బోల్టు నట్టు కోసం రెండు రోజులు నూనె పోస్తూ కూర్చోవడం ఓపిక కాదు, కాలయాపన. ఎగ్జాస్ట్ మానిఫోల్డు స్టడ్డు మీద అదే రెండు రోజులు పెట్టకపోవడం మూర్ఖత్వం.

మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. విశాఖ లాంటి ఊరికి అవి అతికినట్టు సరిపోయాయి. ఒక పక్క 1933లో తెరిచిన పోర్టు, దాని పక్కనే షిప్‌యార్డు, నేవీ. ఇంకో పక్క అనంతగిరి ఘాట్ ఎక్కితే అరకు, పాడేరు ఏజెన్సీ. కొండ మీద ఎర్రమట్టి బురద పూసుకుని, కిందికొచ్చి సముద్రపు గాలి పీల్చే బండికి తుప్పు రాకుండా ఎలా ఉంటుంది? ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఇనుము మీద పల్చటి నీటి పొరను నిలబెడుతుంది. వాన పడని రోజు కూడా ఛాసిస్ అడుగు తడిగానే ఉంటుంది. పోర్టు రోడ్ల మీది బొగ్గు ధూళి, ఇనుప ఖనిజం ధూళి మూలల్లో పేరుకుంటే ఆ తడి ఇక ఆరదు. ఉప్పులోని క్లోరైడు ఇనుము మీద ఏ రక్షణ పొరనీ నిలవనివ్వదు.

అసలు పట్టేయడం ఎందుకు జరుగుతుందంటే, ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెండింతల నుంచి ఆరింతల దాకా పెరుగుతుంది. మరల మధ్య వెంట్రుకంత సందులో ఆ పొంగుకి చోటెక్కడిది? బోల్టునూ నట్టునూ లోపలి నుంచి నొక్కిపెడుతుంది. అంటే మన పోరాటం బిగుతుతో కాదు, మధ్యలో దూరిన ఆ పొడితో. దాన్ని నలగ్గొట్టాలి, కదిలించాలి, నూనెకి దారివ్వాలి.

కాబట్టి మొదటి పనిముట్టు వైరు బ్రష్షు. నట్టు బయటికి తొంగిచూస్తున్న మరలను ముందు శుభ్రం చేయకపోతే, కదిలిన నట్టు ఆ తుప్పులోకి ఎక్కి మళ్లీ పట్టేస్తుంది. తర్వాత నూనె. 1953లో అమెరికాలో పుట్టిన డబ్ల్యూడీ-40 డబ్బా ఇప్పుడు ప్రతి షెడ్డులో కనిపిస్తుంది గానీ, పేరులోనే ఉన్నట్టు అది నీటిని తరిమేందుకు తయారైన సరుకు. తుప్పులోకి ఇంకడంలో దానికంటే మెరుగైనవి ఉన్నాయి. కిరసనాయిలు పల్చన, సందుల్లోకి బాగా పాకుతుంది, కానీ జారుడు తక్కువ. అందుకే అందులో కొంచెం స్టీరింగ్ ఆయిల్ కలుపుతారు. స్టీరింగ్ ఆయిల్‌నే అసిటోన్‌తో సగం సగం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. ఆ రెండూ విడిపోతుంటాయి కనుక సీసా ఊపి పోయాలి. నిప్పుకి దూరంగా ఉంచాలి. ఏది పోసినా దానికి ఒక రాత్రి ఇవ్వాలి. పోసిన అయిదు నిమిషాలకే పానా పట్టుకునేవాడు నూనె పోయకపోయినా ఒకటే.

నూనెతో పాటు సుత్తి. బోల్టు తల మీద నిలువుగా, బలంగా కాకుండా పదేపదే కొట్టే దెబ్బలకు లోపలి తుప్పు పలుకులుగా విరుగుతుంది. ఆ పగుళ్లలోకే నూనె దిగుతుంది. పానా పన్నెండు మూలలది కాకుండా ఆరు మూలలది కావాలి, అదీ సరైన కొలతది. పాత జీపు బోల్టులు అంగుళాల లెక్కవి. తొమ్మిది బై పదహారు చోట పదిహేను మిల్లీమీటర్లది తొడిగి మూలలు గుండ్రంగా అరగదీసిన నట్లు ఈ ఊళ్లో లెక్కలేనన్ని. ఇక తిప్పడం. ముందు విప్పకండి, కాస్త బిగించండి. అటు జానెడు, ఇటు బెత్తెడు. కిర్రుమని చప్పుడొస్తే శుభం, కదిలిందన్నమాట. చప్పుడు లేకుండా మెత్తగా, రబ్బరులా సాగుతోందా? అప్పుడే పెద్ద మేస్త్రి కేకేస్తాడు: “ఆపండి బాబూ, ఇరిగిపోద్ది!” ఉక్కు తెగబోయే ముందు చేతికి తెలిసే ఆ మెత్తదనాన్ని పుస్తకంలో రాసి నేర్పలేం.

దీనికీ లొంగకపోతే మంట. అర అంగుళం నట్టుని 300 డిగ్రీలు వేడెక్కిస్తే దాని రంధ్రం పెరిగేది మిల్లీమీటరులో నాలుగైదు వందో వంతులు. అంత మాత్రానికేనా అనిపిస్తుంది. తుప్పు పట్టు తప్పడానికి అదే చాలు. రహస్యమల్లా నట్టునే కాల్చాలి, బోల్టుని కాదు. రెండూ కలిసి వేడెక్కితే కలిసే పెరుగుతాయి. కాస్త చల్లారాక కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. గ్యాస్ టార్చి పట్టినవాడికి భయం ఉండాలి. పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు, రబ్బరు బుష్షులు పక్కనే ఉంటాయి. మూసి ఉన్న షాక్ అబ్జార్బర్‌ని, టైరు ఎక్కించి ఉన్న రిమ్ముని కాల్చితే పేలతాయి. కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉంటుంది. అవి తడిగా ఉండగా మంట తగిలితే వచ్చేది ఫాస్జీన్, విషవాయువు.

విరిగిన స్టడ్డు దగ్గరే విశాఖ ప్రత్యేకత. షిప్‌యార్డు, పోర్టు, స్టీల్‌ప్లాంటు తరాల తరబడి వెల్డర్లను తయారుచేసిన ఊరిది. విరిగిన మొదలు మీద ఒక నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి వెల్డింగు నింపి, ఎరుపు తగ్గాక పానా వేస్తారు. కొత్త తలకాయ ఒక్కటే కాదు, ఆ వెల్డింగు వేడి సగం పని చేసిపెడుతుంది. వెల్డరు లేని చోట డ్రిల్లు పెట్టి ‘ఈజీ ఔట్’ దూరుస్తారు. ఆ పేరుని నమ్మకండి. గట్టి ఉక్కుతో చేసిన ఆ పుల్ల లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాని మీద గీత కూడా పెట్టలేదు.

బ్రేకు సిలిండరులో ఇరుక్కున్న పిస్టన్‌కి సుత్తి పనికిరాదు. దానికి గ్రీజు గన్ను. సిలిండరు రంధ్రానికి తగిలించి నాలుగు పంపులు కొడితే గ్రీజు ఒత్తిడికి పిస్టన్ నెమ్మదిగా బయటికి నడిచొస్తుంది. చూడ్డానికి ఇంత ముచ్చటైన పని జీపులో మరొకటి లేదు.

ఇంజనే పట్టేస్తే వారాల మాట. పోత ఇనుము సిలిండర్లలో అల్యూమినియం పిస్టన్లు, ఇనుప రింగులు. సాధారణంగా తుప్పు పట్టుకునేది రింగుల దగ్గర. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో డీజిలూ స్టీరింగ్ ఆయిలూ పోసి, తగ్గినప్పుడల్లా మళ్లీ పోస్తూ రోజులకొద్దీ వదిలేయాలి. తర్వాత ముందున్న హ్యాండిల్ పెట్టి అటూ ఇటూ ఊపడమే. టాప్ గేరులో వేసి ఇంకో బండితో లాగించే పద్ధతి ఒకటుంది, దానికి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

విప్పిన భాగాలకు పట్టిన తుప్పు వదిలించడానికి యాసిడ్ తెచ్చేవాళ్లు మొలాసిస్ వైపు చూడొచ్చు. చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి ఇనుప ముక్కలు రెండు మూడు వారాలు నానేస్తే తుప్పు కరిగిపోయి మంచి ఇనుము మిగులుతుంది. కంపు మాత్రం వీధంతా తెలుస్తుంది. అల్యూమినియం వేయకూడదు, అది కూడా తినేస్తుంది.

ఒక్కో భాగానికి ఇంత శ్రమ ఎందుకంటే, పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. అలా తుక్కుకి వెళ్లే బండితో పాటే పనికొచ్చే హౌసింగులు, హబ్బులు కూడా వెళ్లిపోతాయి. ఇవాళ ఒక బ్లాకుని విరగకుండా కాపాడిన మేస్త్రి చేతికి విలువ అక్కడుంది.

తిరిగి బిగించేటప్పుడు మరలకి రాగి గ్రీజు పూయడం ఇంకా చాలా షెడ్లలో అలవాటు కాలేదు. పూస్తే మామూలు కొలత కంటే తక్కువ బలంతో బిగించాలి, లేకపోతే జారుడు వల్ల బోల్టు సాగిపోతుంది. “స్టెయిన్‌లెస్ వేసేస్తే గొడవే ఉండదు కదా” అనే సలహా కూడా వింటుంటాం. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు వేస్తే తుప్పు లేకుండానే ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఉప్పుగాలిలో అల్యూమినియానికి వేస్తే అల్యూమినియాన్నే తినేస్తాయి. బీచ్ రోడ్డు మీద తిరిగే జీపుకి అంతకంటే చవకైన మందు మంచినీళ్లతో అడుగు కడగడం, ఛాసిస్ గొట్టానికి కింద ఉన్న నీటి రంధ్రాల్లో బురద తీసి ఉంచడం.