ఎన్నికల చరిత్రలో మన్యం ఎక్కడ?

రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలం గురించి మేము చదువుకున్న తెలుగు పాఠాల్లో రెండు అధ్యాయాలు ఉండేవి. ఒకటి మద్రాసు రాష్ట్రంలో ఎన్నికలు, జస్టిస్ పార్టీ, కాంగ్రెసు. రెండోది మన్యం తిరుగుబాటు. రెంటినీ విడివిడిగా చదివాం, విడివిడిగా పరీక్ష రాశాం. మాలో ఉపాధ్యాయులైనవాళ్లం ఇప్పుడు పిల్లలకూ అలాగే చెబుతున్నాం. ఈ రెండు అధ్యాయాలకూ ఉన్న సంబంధం ఏమిటని ఆ పాఠాలు అడగలేదు. మేమూ చాలాకాలం అడగలేదు. ఈ వ్యాసంలో అడుగుతున్నాం.

ముందు తేదీలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 1919 చట్టం కింద మద్రాసు శాసనమండలికి 1920 నవంబరులో తొలి ఎన్నికలు జరిగాయి. కాంగ్రెసు బహిష్కరించింది, జస్టిస్ పార్టీ మంత్రివర్గం వేసింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర, వారి అనుచరులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. 1923లో రెండోసారి ఎన్నికలు వచ్చాయి. అంటే మైదానంలో అభ్యర్థులు ఓట్లు అడుగుతున్న రోజుల్లో కొండల్లో పోలీసు పటాలాలు ఊళ్లు గాలిస్తున్నాయి. ఇవి రెండు వేర్వేరు దేశాల కథలు కావు. ఒకే రాష్ట్రం, ఒకే గవర్నరు, ఒకే ఖజానా.

మరి కొండవాడికి ఓటు ఎందుకు లేదు? ఆ రోజుల్లో ఓటు అందరిదీ కాదు. భూమిశిస్తు, పన్ను కట్టే స్థోమతను బట్టి ఇచ్చేవారు. మొత్తం రాష్ట్రంలోనే నూటికి ముగ్గురు నలుగురికి మించి ఓటర్లు లేరు. పోడు కొట్టుకుని బతికేవాడికి పట్టా ఎక్కడిది? శిస్తు రసీదు ఎక్కడిది? దీనికి తోడు గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలను 1919 చట్టం కింద 'వెనుకబడిన ప్రాంతాలు'గా విడిగా ఉంచారు. అడవి రిజర్వులో పోడు ఆపేసినప్పుడు, కూలి సరిగా ఇవ్వకుండా ఘాట్ రోడ్డు పని చేయించినప్పుడు మొర పెట్టుకోవడానికి మన్యానికి మిగిలింది దొరల చుట్టూ, కచేరీల చుట్టూ తిరగడమే. ఓటు లేకపోవడం వల్లే తిరుగుబాటు వచ్చిందని మేము అనడం లేదు. ఓటుతో తెరుచుకునే తలుపు అక్కడ లేదని మాత్రం అంటున్నాం. ఆ మాట చెప్పకపోతే మన్యం పోరాటం ఒక్క వీరుడి సాహసకథగా మిగిలిపోతుంది.

1935 చట్టం వచ్చాక ఏం మారింది? 1937లో మద్రాసు శాసనసభకు 215 స్థానాలు. కాంగ్రెసు 159 గెలిచింది. బొబ్బిలి రాజా వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. జమీందారును ఓటుతో దించిన ఆ సంగతిని చరిత్రకారులు ముచ్చటగా చెబుతారు, చెప్పదగినదే. కానీ ఆ 215లో 'వెనుకబడిన ప్రాంతాలు, తెగల'కు కేటాయించింది ఒక్కటంటే ఒక్క స్థానం. తూర్పు గోదావరి ఏజెన్సీని, ఒరిస్సాకు పోగా మిగిలిన విశాఖ ఏజెన్సీని 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు' అన్నారు. సభ చేసిన చట్టం గవర్నరు ఉత్తర్వు ఇస్తేనే అక్కడ చెల్లుతుంది. మైదానానికి మంత్రులు వచ్చారు, మన్యానికి మాత్రం గవర్నరే మిగిలాడు.

ప్రాంతీయ రాజకీయాల కథా ఇంతే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం, పర్లాకిమిడి ఎవరివని ఒడియా నాయకులూ తెలుగు నాయకులూ వాదించుకున్నారు. వాదం రెండు భాషల మధ్య. అక్కడి సవరలు, గదబలు, కోదులు ఇళ్లలో మాట్లాడే భాషలు ఆ తక్కెడలో తూగలేదు. గిడుగు రామమూర్తి రాసిన సవర భాషా గ్రంథాన్ని 1931లో అచ్చువేసింది మద్రాసు ప్రభుత్వమే. భాష అచ్చుకెక్కింది, ఆ భాష మాట్లాడేవాడి మాట సభకెక్కలేదు. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికను చూడండి. నదీజలాలు, విశ్వవిద్యాలయం, రాజధాని, హైకోర్టు. పక్షాలు రెండే: కోస్తా, సీమ. మన్యం పక్షంగా లేదు.

నైజాంలోనైతే జనం ఓటేసి గెలిపించే సభే లేదు. గోండులు భూమి కోసం, అడవి కోసం చేసిన పోరులో కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు.

ఒక ఎదురుమాట ఉంది. విడిగా ఉంచడం వల్లే మన భూములు కొంతైనా మిగిలాయి కదా అంటారు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. కొండజాతుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1917లో చేసిన చట్టం నుంచే ఇవాళ్టి 1/70 దాకా దారి ఉంది. ఐదో షెడ్యూలుకూ ఆ కాలపు మినహాయింపుల్లోనే మూలం ఉంది. ఆ రక్షణ మనకు కావాలి. కానీ మాట చెల్లని రక్షణ పాలేరుకు యజమాని చూపే దయలాంటిది. ఇచ్చినవాడు తీసుకోగలడు. రక్షణ, ప్రాతినిధ్యం రెండూ కలిసి ఉండాలన్నదే ఆ ఇరవై ఏళ్లు మనకు నేర్పే పాఠం.

గాం మల్లు దొర జైలు జీవితం గడిపి, 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. చింతపల్లి నుంచి ఢిల్లీకి ముప్పై ఏళ్లు పట్టింది. విడివిడిగా ఉన్న ఆ రెండు అధ్యాయాలనూ ఒక్క మనిషి తన బతుకుతో కలిపాడు. పాఠాలు ఆయన్ని మొదటి అధ్యాయంలో అసలు చూపవు, రెండో అధ్యాయంలో అనుచరుడిగా చూపి వదిలేస్తాయి.

ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒక్కటే. 1922, 1923 సంవత్సరాలను నల్లబల్ల మీద ఒకే వరుసలో రాయండి. అప్పుడు మన ఊళ్లో ఎవరికి ఓటు ఉండేదో పిల్లల్నే అడగండి. ఇంటికి వెళ్లి తాతల్ని అడిగి రమ్మనండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ జవాబులు రాసిపెట్టండి. ఆ అధ్యాయాన్ని మనమే రాసుకోవాలి.