ఎక్స్‌రేకు వచ్చిన రోజున

ఎముకలు విరిగి ఆసుపత్రిలో చేరినవారికి ఇచ్చే డిశ్చార్జి కాగితంలో కాల్షియం మాత్రల మోతాదు, కట్టు తడవకూడదన్న హెచ్చరిక, మళ్లీ రావలసిన తేదీ ఉంటాయి గానీ, రాత్రిళ్లు ప్రమాదం కళ్ల ముందు మెదిలి నిద్ర పట్టకపోవచ్చనీ, అది పిరికితనం కాదనీ చెప్పే వాక్యం ఒక్కటీ ఉండదన్నది ఈ శీర్షిక పాఠకులకు విని విని అలవాటైన ఫిర్యాదే. ఈ వారం కంటబడిన మరో కాగితం దాన్ని తిరగదోడింది.

ఈ లోటులో సినిమాకూ, పాపం దాని తప్పు లేకుండానే, కొంత వాటా ఉంది. 1981లో తిరుచ్చి సమీపంలో జరిగిన బస్సు ప్రమాదం తర్వాత కుడికాలు కోల్పోయి, జైపూర్ కృత్రిమ కాలితో తిరిగి వేదికనెక్కిన నర్తకి సుధా చంద్రన్ జీవితాన్ని, ఆమెనే నాయికగా పెట్టి సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’గా తీశారు. చిత్రం మంచిదే, అయితే దాన్ని చూసిన తరం అందులోంచి పట్టుకున్నది పట్టుదలను మాత్రమే. పరామర్శకు వచ్చినవారు కాలు పోయిన ప్రతివారికీ ఆమె పేరే చెప్పి వెళ్తారు. నాట్యం మాట అటుంచి గుమ్మం దాటడానికే వణికే మనిషి తనకు గుండెధైర్యం లేదని తేల్చుకుంటాడు. తీసేసిన కాలి వేళ్లు నొప్పి పెట్టడాన్ని వైద్యులు ఫాంటమ్ నొప్పి అంటారు. నాడులూ మెదడూ కలిసి పుట్టించే ఈ నిజమైన బాధను, ముందుగా చెప్పేవారు లేక, మతి చలిస్తోందేమోనన్న భయంతో దాచుకునేవారున్నారు.

అందువల్ల చేరిన మర్నాడే మనసు గురించి పాఠం మొదలుపెట్టాలని అనిపించడం సహజమే గానీ, ఆధారాలు అందుకు ఒప్పుకోవు. ప్రమాదం జరిగిన కొద్దిరోజులకే బాధితుడితో జరిగినదంతా చెప్పించి, రాబోయే లక్షణాలను వివరించే ఒకే విడత పద్ధతిని డీబ్రీఫింగ్ అంటారు. కాలిన గాయాలవారిపై 1997లో బ్రిటన్‌లో ప్రచురితమైన అధ్యయనంలో, అది పొందినవారిలో 13 నెలల తర్వాత 26 శాతం మందికి పీటీఎస్‌డీ, అంటే ప్రమాదపు జ్ఞాపకం నెల దాటినా వెంటాడి నిత్యజీవితాన్ని దెబ్బతీసే రుగ్మత కనిపించగా, పొందనివారిలో 9 శాతం మందిలోనే కనిపించింది. మొదటి బృందంలో గాయాలు మరింత తీవ్రమైనవన్న మాట నిజమే అయినా, తర్వాతి సమీక్షలు సైతం దీన్ని అందరికీ తప్పనిసరి చేయవద్దనే చెప్పాయి. తొలిరోజుల్లో నొప్పి తగ్గించడం, అడిగినదానికి సూటిగా బదులివ్వడం, పక్కనున్న కుటుంబసభ్యులకు నాలుగు మాటలు చెప్పడం చాలు. కొన్ని వారాలకు ఎక్స్‌రే కోసం రోగి ఎటూ వస్తాడు. నిద్ర పడుతోందా, మళ్లీ బండెక్కాలంటే భయమేస్తోందా అని అడిగి, అవసరమైతే మానసిక వైద్యుడి దగ్గరకు పంపవలసింది ఆ రోజున.