కోబాల్ బతికింది, ఫాక్స్‌ప్రో ఆగిపోయింది

ఈ వారం అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టు బిల్లు చూస్తే ముచ్చటేసింది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కొట్టిన ఆ కాగితం మీద ఇంకా తూర్పు గోదావరి జిల్లా అనే ఉంది. ఆ ఊరు ఇప్పుడున్న కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. లెక్కలు రాసేది డాస్ మీద నడిచే ఫాక్స్‌ప్రో ప్రోగ్రామ్. రాసినాయన ఇప్పుడు లేడు, సోర్సు కోడూ లేదు. అయినా కాయల లెక్క, కురిడీ తూకం, కమీషను, దింపు కూలి పైసాతో సహా సరిపోతున్నాయి.

“దీన్ని జావాలోకి మార్పించు మావయ్యా” అని హైదరాబాద్‌లో పనిచేసే మేనల్లుడు పోరుతున్నాడు. “నడిచేదాన్ని కదపడం ఎందుకురా?” అంటారు షావుకారుగారు. నేను వెంటనే ఆయన పక్షం చేరాను. పాతదన్న ఒక్క కారణంతో పనిముట్టును పారేయకూడదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు.

ఆ పక్షపాతం నాకు అమీర్‌పేటలో అబ్బింది. తొంభైల చివర, రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ కుర్రాళ్లు వచ్చి ఇరుకు గదుల్లో మెయిన్‌ఫ్రేముల కోబాల్, జేసీఎల్ నేర్చుకుంటున్న రోజులవి. ఫీజు కోసం కొందరి ఇళ్లలో కొబ్బరితోట కౌలుకిచ్చారు. మెమరీ ఖరీదైన కాలంలో రాసిన ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు కేటాయించారు గనక 2000 రాకముందే ఆ ప్రోగ్రాములన్నీ వెతికి సరిచేయాలి. అమెరికాకు మనవాళ్ల దారి తెరిచింది ఆ రెండంకెలే.

1959లో రూపకల్పన మొదలైన భాష కోబాల్. ఎనభై గడుల పంచ్ కార్డు కొలత అందులో అలాగే ఉండేది. ఏడో గడిలో నక్షత్రం గుర్తు పెడితే ఆ వరుస వ్యాఖ్య. రూపాయలెన్ని అంకెలో, పైసలెన్ని అంకెలో ముందే ప్రకటించాలి. లెక్క దశాంశాల్లోనే సాగుతుంది. జావాలో డబుల్ అనే రకం వాడి 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. దానికి బదులు బిగ్‌డెసిమల్ వాడాలని తెలియనివాడు బ్యాంకు కోబాల్‌ను జావాలోకి మారిస్తే ఆవర్జా తేలదు. ఈ భయం నాకు ఇప్పటికీ ఉంది.

కానీ ఆ కోబాల్ ఇన్నాళ్లు ఎలా నిలిచిందని ఆలోచిస్తే నా పక్షం మారింది. 1964లో ఐబీఎం సిస్టమ్/360 ప్రకటించినప్పుడు, చిన్న యంత్రం నుంచి పెద్దదానికి వెళ్లినా ప్రోగ్రాములు తిరగరాయక్కర్లేదని మాటిచ్చింది. ఆ వారసత్వం నేటి మెయిన్‌ఫ్రేముల దాకా నడిచింది. పైన రాత నిలబెట్టి, కింద యంత్రాన్ని మారుస్తూ వచ్చారు. ఇప్పుడు జావా వర్చువల్ మెషీన్ మీదా, మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ మీదా కోబాల్ నడిపే కంపైలర్లున్నాయి.

ఫాక్స్‌ప్రోకు ఆ అదృష్టం దక్కలేదు. 1992లో దాన్ని కొన్న మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ మీదికి తేలేదు. ఇక కొత్త వెర్షన్ లేదని 2007లో చెప్పేసింది. విజువల్ బేసిక్‌ను తెచ్చింది గానీ, తెస్తూ భాషనే మార్చింది. చాలామంది పాత ఆరో వెర్షన్‌లోనే ఉండిపోయారు. 64 బిట్ విండోస్ డాస్ ప్రోగ్రాములను నేరుగా నడపదు. అందుకే షావుకారుగారి వ్యాపారం మొత్తం ఒక పాత కంప్యూటరు డబ్బా మీద ఆధారపడి ఉంది. ఆయన డేటా ఫైళ్లను వేరే ప్రోగ్రాములూ చదవగలవు. కమీషను కట్టే పద్ధతి మాత్రం ఆ ఎగ్జిక్యూటబుల్ లోపలే ఉంది.

కాబట్టి కదపాల్సిందే, అదీ ఆ డబ్బా పనిచేస్తుండగానే. జావాలో కొత్తగా రాయడం ఒక్కటే దారి కాదు. ఫాక్స్‌ప్రో తరహా రాతను ఎక్స్‌షార్ప్ అనే కంపైలర్ డాట్‌నెట్‌కు తెస్తుంది. ఆ కుటుంబానికే చెందిన క్లిప్పర్ రాతను హార్బర్ అనే మరో కంపైలర్ లినక్స్ మీద కూడా నడుపుతుంది. సోర్సు లేదు గనక మేనల్లుడు ముందు మావయ్య పక్కన కూర్చుని అడగాలి: అర్ధరూపాయి ఎటు సర్దుతారు, ఎవరికి ఏ రేటు, కూలి ఎవరి ఖాతాలో కోస్తారు. ఆపైన పాత సీజన్ బిల్లులన్నీ కొత్తదాంట్లో వేసి చూడాలి. పైసా తేడా వచ్చినా, అది ఎక్కడొచ్చిందో తేలేదాకా పాతదాన్ని ఆపకూడదు.