3.5 అనుకరణ శిక్షణలో ఉద్వేగాలు: ఒక విమర్శ

కొంత ఒత్తిడి ఉంటే బాగా నేర్చుకుంటాం, మరీ ఎక్కువైతే నేర్చుకోలేం అనే యెర్క్స్-డాడ్సన్ నియమాన్ని, దాని తిరగేసిన 'యు' ఆకారపు రేఖాచిత్రంతో సహా మీరు గత భాగంలో చదివారు. బృంద శిక్షణ గురించి రాసేవారు తరచుగా ఈ బొమ్మతోనే మొదలుపెడతారు. 1908 నాటి ఆ ప్రయోగం చిట్టెలుకల మీద జరిగిందని గమనించండి. తెల్ల పెట్టెకు బదులు నల్ల పెట్టెలోకి వెళ్లబోయిన ఎలుకకు విద్యుత్ షాక్ ఇచ్చారు. రెండు పెట్టెల తేడా స్పష్టంగా ఉన్నప్పుడు షాక్ పెరిగినకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమైనప్పుడే మధ్యస్థమైన షాక్ మేలైంది. అక్కడ మార్చింది షాక్ బలాన్ని. భయాన్ని ఎవరూ కొలవలేదు. పైగా ఆ ఎలుక ఒంటరిది, దానికి బృందం లేదు. శిక్షణలో కాస్త భయపెట్టాలి అనడానికి ఇది ఆధారం కాజాలదు.

ఇంతకంటే దగ్గరి సాక్ష్యం 2014లో కెనడాలోని కాల్గరీ నుంచి వచ్చింది. చివరి సంవత్సరం వైద్య విద్యార్థులు 116 మంది, స్పృహ తగ్గిన రోగికి చికిత్స చేసే అభ్యాసంలో పాల్గొన్నారు. రోగి అంటే ఇక్కడ బొమ్మే. కొందరి విషయంలో రోగి బతికాడు, కొందరి విషయంలో అనుకోకుండా 'మరణించాడు'. మరణం చూసినవారు తమ మనసుపై భారం ఎక్కువైందని చెప్పారు. మూడు నెలల తర్వాత అటువంటి కేసులోనే పరీక్షిస్తే వెనకబడిందీ వారే. 'దండం దశగుణం భవేత్' అని నమ్మే శిక్షకులకు ఇది మింగుడుపడని ఫలితం.

అయినా దీన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. ఉద్వేగాలను విద్యార్థులు చెప్పుకున్నదాన్ని బట్టే కొలిచారు. నాయకుడి కంగారు మిగతావారికి ఎలా పాకుతుందో ఈ ఫలితం చెప్పదు. డాక్టరుగారు చెప్పిన మోతాదు తప్పని తెలిసీ నర్సు నోరు విప్పలేకపోవడమే బృందంలో అసలు ప్రమాదం అని నా అభిప్రాయం. ఎమీ ఎడ్మండ్సన్ 1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను పరిశీలించి, తప్పు ఒప్పుకున్నా అవమానం జరగదనే నమ్మకం ఉన్నచోట నేర్చుకునే ప్రవర్తన ఎక్కువని చూపారు. అవి ఆస్పత్రి బృందాలు కావు, అనుకరణ శిక్షణా కాదు. కానీ బృందాన్ని బృందంగా చూసిన అధ్యయనం ఈ మూడింటిలో ఇదే.

మీలో 108 సేవల్లోనో, ఆస్పత్రుల్లోనో పనిచేస్తున్నవారు మీ శిక్షణ ముగిశాక జరిగిన చర్చలో మొదట ఎవరు మాట్లాడారో, ఎవరు అసలు మాట్లాడలేదో గుర్తుచేసుకుని అసైన్‌మెంట్‌లో రాయండి.