ఓరచూపూ నిలకడ చూపూ: నాట్యంలో దృష్టి భేదాలు

భారతీయ నాట్య సంప్రదాయం చేతి ముద్రలకు పేర్లు పెట్టినట్టే చూపులకూ పేర్లు పెట్టింది. ఒక్కోదానికి లక్షణం చెప్పి, అది ఏ సందర్భంలో ఒప్పుతుందో కూడా చెప్పింది. రెప్పపాటులో వచ్చి పోయే చూపుకూ, పట్టి పట్టి చూసే చూపుకూ శాస్త్రంలో వేరువేరు స్థానాలున్నాయి. వీటిలో కొన్ని పర్యాయపదాల్లా ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి, కొన్ని వ్యతిరేక పదాల్లా ఎదురుబొదురుగా నిలుస్తాయి. ఈ తేడాలు వంటబట్టిన నర్తకి క్షణకాలపు చూపుతో పాత్ర మనసును చెప్పగలదు.

భరతుని నాట్యశాస్త్రం ఎనిమిదో అధ్యాయంలో ఈ విషయం విస్తారంగా ఉంది. భావాన్ని బట్టి అక్కడ 36 దృష్టులు చెప్పారు. వాటిలో రసాలకు సంబంధించినవి 8, నిలిచి ఉండే స్థాయీభావాలకు 8, వచ్చి పోయే సంచారీభావాలకు 20. కంటి భాగాలకు విడివిడిగా మరికొన్ని లెక్కలున్నాయి: కనుపాపల కదలికలు 9, రెప్పల పనులు 9, కనుబొమల పనులు 7. పాప ఎటు తిరిగింది, రెప్ప ఎంత తెరుచుకుంది, బొమ ఎంత లేచింది అనే మూడూ కలిస్తేనే ఒక చూపు పూర్తవుతుంది. వాటిలో ఏ ఒక్కటి మారినా అర్థం మారిపోతుంది. సిగ్గును చెప్పే లజ్జిత దృష్టిలో పై రెప్ప కిందికి జారుతుంది, పాప వాలుతుంది. బెదురును చెప్పే త్రస్త దృష్టిలో రెప్పలు విచ్చుకుని పాపలు వణుకుతాయి. రెండూ క్షణంలో ముగిసేవే అయినా చూసేవారు ఒకదాన్ని మరొకటిగా పొరబడరు.

ఇవి కాక, చూసే తీరును బట్టి నాట్యశాస్త్రం 8 దర్శనాలు చెప్పింది: సమం, సాచి, అనువృత్తం, ఆలోకితం, విలోకితం, ప్రలోకితం, ఉల్లోకితం, అవలోకితం. వ్యతిరేకాల జోడీలు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తాయి. పైకి చూడటం ఉల్లోకితం, కిందికి చూడటం అవలోకితం. పాపలను తిన్నగా, ప్రశాంతంగా నిలపడం సమం, పక్కకు వాల్చడం సాచి. అటూ ఇటూ చూడటం ప్రలోకితం, వెనక్కి చూడటం విలోకితం. అన్నిటికంటే ఆసక్తికరమైన జోడీ ఆలోకితం, అనువృత్తం. చటుక్కున చూసే చూపు ఆలోకితమైతే, ఒక రూపాన్ని శ్రద్ధగా పరికించే చూపు అనువృత్తం. మొదటిది ఉందో లేదో చూసుకుంటుంది, రెండోది ఎలా ఉందో చూస్తుంది.

నందికేశ్వరుని అభినయదర్పణం ఈ పట్టికను కొంత మార్చింది. విలోకితాన్ని వదిలి, కళ్లు సగం మూసిన నిమీలితాన్ని చేర్చింది. అదే పేర్లతో ఉన్న కొన్ని చూపులకు అందులో లక్షణాలు వేరు. ఆలోకితమంటే ఇక్కడ విప్పారిన కళ్లలో పాపలను చక్రంలా తిప్పడం. కుమ్మరి సారెను చూపడానికీ, అన్ని వస్తువులనూ చుట్టి చూడటానికీ దాన్ని వాడమన్నారు. అనువృత్తమంటే వేగంగా కిందికీ పైకీ చూడటం, తెలుగువారి మాటల్లో ఎగాదిగా చూడటం. దీన్ని కోపానికీ, ఆత్మీయులను పిలవడానికీ చెప్పారు. నాట్యశాస్త్రంలో నెమ్మదిగా పరికించే చూపుకున్న పేరే ఇక్కడ వేగవంతమైన చూపుకు వచ్చింది. అందుకే ఏ గ్రంథాన్ని అనుసరిస్తున్నారో తేల్చుకున్నాకే శిష్యులకు ఈ పేర్లు నేర్పాలి.

ఈ విద్యతో తెలుగువారికి దగ్గరి బంధముంది. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప 13వ శతాబ్దంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రచించాడు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దాన్ని తెలుగులోకి తెచ్చారు. అభినయదర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి అనువదించినవారు చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆ అనువాదం 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణగా వెలువడింది.

పైకి ఒకేలా కనిపించే చూపుల్లో ఎంత దూరముంటుందో సమ, శూన్య దృష్టులు చెబుతాయి. అభినయదర్పణంలోని సమదృష్టి రెప్ప వేయని చూపు. దేవతా విగ్రహాన్నీ, ఆశ్చర్యాన్నీ చూపడానికి అది పనికొస్తుంది. నాట్యశాస్త్రంలోని శూన్య దృష్టిలోనూ పాపలు సమంగా, కదలకుండా ఉంటాయి. కానీ ఆ చూపు ఎదురుగా ఉన్నదాన్ని గ్రహించదు. దాన్ని చింతలో మునిగిన పాత్రకు వాడతారు. ఒకటి నిండిన చూపు, మరొకటి ఖాళీ చూపు. తేడా కంటి కదలికలో కంటే దాని వెనకున్న ధ్యాసలో ఉంది.

క్షణకాలపు చూపుల్లో ఎక్కువ పనిచేసేది సాచి. తల తిప్పకుండా కడగంటితో చూడటమే సాచి, ఓరచూపు. సైగ చేయడానికీ, బాణం గురి చూడటానికీ, చిలుకను చూపడానికీ, జ్ఞాపకం చేసుకోవడానికీ అభినయదర్పణం దీన్నే చెప్పింది. శృంగారంలోని కాంతా దృష్టిలోనూ కనుబొమ విరుపుతో పాటు కడగంటి చూపు ఉంటుంది. సాచికి చేరువగా ఉండేది శంకిత దృష్టి. అందులో చూపు కొంత కదులుతూ, కొంత నిలుస్తూ, పక్కకు సాగి, దాగుతూ బెదురుతుంది. ఓరచూపుకు ఉలికిపాటు తోడైతే అనుమానం అవుతుంది, కనుబొమ విరుపు తోడైతే వలపు అవుతుంది.

కూచిపూడి భాగవతుల భామాకలాపంలో ఈ భేదాలన్నిటికీ చోటుంది. సత్యభామ కృష్ణునికి లేఖ రాసే ఘట్టంలో చూపు కిందికి వాలుతుంది, అది అవలోకితం. చెలికత్తె మాధవితో మనసులోని మాట దాచీ దాచక చెప్పేటప్పుడు సాచి ఒప్పుతుంది. దూరాన ఉన్నదాన్ని చూడటానికీ, ఎడబాటుకూ నాట్యశాస్త్రం ఆకేకర దృష్టిని చెప్పింది. అందులో రెప్పలు కొద్దిగా ముడుచుకుంటాయి, పాపలు మాటిమాటికీ తిరుగుతాయి. విరహంలో ఉన్న సత్యకు అది సరిపోయే చూపు. క్షేత్రయ్య పదాల అభినయంలో, తెల్లవారాక ఇంటికి వచ్చిన నాయకుణ్ణి ఖండిత నాయిక ఎగాదిగా చూస్తే ఆ ఒక్క అనువృత్తం చాలు, నిందించడానికి మాట అక్కర్లేదు.

ఈ చూపులు సాధనతోనే వస్తాయి. అభినయదర్పణం ప్రకారం 9 శిరోభేదాలు, 8 దృష్టి భేదాలు, 4 గ్రీవా (మెడ) భేదాలను శిష్యులు శ్లోకాలతో సహా కంఠస్థం చేస్తారు. మొదట మెడ కదలకుండా పాపలను మాత్రమే కదిపే అలవాటు చేసుకోవాలి. తల కూడా తిరిగితే సాచి సాచిగా మిగలదు. ఆ తర్వాత వేగం మీద పట్టు రావాలి. చూపు తాళంలో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలియాలి. చేయి వెళ్లిన చోటికి చూపు వెళ్లాలనీ, చూపు వెంట మనసు, మనసు వెంట భావం సాగాలనీ, అక్కడే రసం పుడుతుందనీ అభినయదర్పణం బోధిస్తుంది. ధ్యాస లేకుండా పాపలను తిప్పితే అది వ్యాయామమే అవుతుంది.

చూపు విలువ దాని ముందూ వెనకా ఉన్న చూపుల మీద ఆధారపడి ఉంటుంది. చాలాసేపు సమంగా నిలిచిన కళ్లు ఒక్కసారి పక్కకు కదిలితే ప్రేక్షకులు దాన్ని పట్టుకుంటారు. కళ్లు ఆగకుండా తిరుగుతూ ఉంటే ఏ చూపూ గుర్తుండదు. పూర్వం కాగడాల వెలుగులో, జనం చుట్టూ చేరిన ప్రదర్శనల్లో కంటి కొస కదిలినా తెలిసేది. ఇప్పటి పెద్ద ఆడిటోరియంలో వెనక వరుసలకు చూపు చేరడం కష్టం. అక్కడ చూపును ఇంకొంచెం ఎక్కువసేపు నిలపాలి, కనుబొమ సాయం తీసుకోవాలి. అందుకోసం కళ్లను అతిగా తిప్పితే సున్నితమైన తేడాలు చెడిపోతాయి.

శాస్త్రం ఇచ్చిన పేర్లు నర్తకి చేతులు కట్టేయవు. దగ్గరి భావాల మధ్య సరైనదాన్ని ఎంచుకోవడానికి అవి కొలతలుగా ఉపయోగపడతాయి. సిగ్గుకూ బెదురుకూ, వలపుకూ అనుమానానికీ, నిండు చూపుకూ ఖాళీ చూపుకూ తేడా తెలిసినవారే పాత్రను నిజాయితీగా నిలపగలరు. ఆ తేడాలు తెలిసిన ప్రేక్షకులకు కూడా అభినయం మరింత స్పష్టంగా అందుతుంది. కాబట్టి దృష్టి భేదాలను పరీక్ష కోసం వల్లెవేసే పట్టికగా వదిలేయకుండా, ప్రతి పదంలో, ప్రతి పాత్రలో వాడి చూపిస్తూ నేర్పడం గురువుల బాధ్యత.