రెండు గుమ్మాల మధ్య దళిత స్త్రీ: జాతీయ మహిళా కమిషన్‌పై ఒక విమర్శ

పట్టిసీమ అంటే చాలామందికి గోదావరి మధ్య కొండ, దానిమీద వీరభద్రుడి గుడి, శివరాత్రి తీర్థం గుర్తొస్తాయి. 2015 తర్వాత ఆ పేరు విన్నవాళ్ళకి ఎత్తిపోతల పథకం గుర్తొస్తుంది. ఈ రెండింటిలోనూ కనపడని మనిషి ఒకామె ఉంది. ఊడ్పులకీ, కలుపుకీ, కోతలకీ పోయే దళిత కూలి ఆడమనిషి. జాతీయ మహిళా కమిషన్ని ఆమె నిలబడ్డ చోటు నుంచి చూడాలన్నదే మా ప్రయత్నం.

కమిషన్ ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. స్త్రీల స్థితిగతులపై వేసిన కమిటీ 1974లోనే ఇలాంటి సంస్థ కావాలని చెప్పింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు స్త్రీలు రోడ్లెక్కితే 1990లో చట్టమొచ్చింది. 1992 జనవరి 31న జయంతీ పట్నాయక్ అధ్యక్షురాలిగా కమిషన్ ఏర్పడింది. ఈ చరిత్రని మేం తక్కువ చెయ్యడం లేదు. అయితే చట్టాన్ని దాని మాటల్లోనే చదవాలంటున్నాం.

మూడో సెక్షన్‌లో అధ్యక్షురాలితో పాటు అయిదుగురు సభ్యులూ, ఒక సభ్యకార్యదర్శీ ఉంటారని ఉంది. సభ్యుల్లో కనీసం ఒకరు షెడ్యూల్డ్ కులాల నుంచి, ఒకరు షెడ్యూల్డ్ తెగల నుంచి ఉండాలి. బాగానే ఉంది. పదో సెక్షన్‌లో కమిషన్ చెయ్యాల్సిన పనుల పెద్ద జాబితా ఉంది. ఆ జాబితాలో కులం మాట లేదు. అంటే కుర్చీల లెక్క దగ్గర దళిత స్త్రీ గుర్తొచ్చింది, పని దగ్గరికొచ్చేసరికి ఆమె ఒట్టి 'స్త్రీ' అయిపోయింది. ఆ ఒట్టి స్త్రీ ఎవరు? కులం వల్ల ఏ ఇబ్బందీ పడనామె. కాబట్టి తన కులం తనకి కనపడనామె.

ఇక అధికారాల సంగతి. విచారణ చేసేటప్పుడు సివిల్ కోర్టులాగా మనుషుల్ని పిలిపించొచ్చు, కాయితాలు తెప్పించొచ్చు. శిక్షించలేదు. సిఫారసు చేస్తుంది. ప్రభుత్వం ఆ సిఫారసుని కాదంటే కారణం పార్లమెంటుకి చెప్తే సరిపోతుంది. ఫిర్యాదు వస్తే చాలాసార్లు దాన్ని ఆ ప్రాంతపు పోలీసులకే పంపుతుంది. ఇక్కడ స్టేషన్‌లో కేసు కట్టలేదని ఢిల్లీకి రాస్తే, ఆ అర్జీ తిరిగి తిరిగి మళ్ళీ ఆ స్టేషన్‌కే చేరుతుంది. 2023లో కమిషన్‌కి 28,811 ఫిర్యాదులొస్తే సగానికి పైగా ఒక్క ఉత్తరప్రదేశ్ నుంచే వచ్చాయి. ఢిల్లీకి ఎంత దూరంలో ఉన్నామన్నది కూడా న్యాయానికి సంబంధించిన విషయమే.

ఒక సంఘటన ఊహించుకుందాం. కూలి డబ్బులు అడగడానికి వెళ్ళిన ఆడమనిషిని ఆసామి కులం పేరుతో తిట్టి, చెయ్యిపట్టి లాగాడు. అది ఒకే క్షణంలో జరిగింది, ఒకే శరీరం మీద జరిగింది. మరి ఆమె అర్జీ ఎక్కడ ఇవ్వాలి? కూలి తగాదా అంటే కార్మిక శాఖ. కులదూషణ అంటే ఎస్సీ కమిషన్. చెయ్యిపట్టాడంటే మహిళా కమిషన్. పైగా వేరే కమిషన్ ముందు నడుస్తున్న వ్యవహారాన్ని మహిళా కమిషన్ తీసుకోదు, అది వాళ్ళ నిబంధన. ముందు ఎస్సీ కమిషన్ తలుపు తట్టినామెకి ఈ తలుపు మూసుకుంటుంది. ఆమె తనని తాను ముక్కలు చేసుకుని, ఏ ముక్కకి న్యాయం కావాలో తేల్చుకోవాలి. అగ్రకుల స్త్రీని ఎవరూ అలా అడగరు. దళిత పురుషుణ్ణీ అడగరు.

ఇది ఊహే కదా అనేవాళ్ళు 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన పఠాన్ జమాల్ వలీ కేసు తీర్పు చదవాలి. అది మన ఆంధ్రప్రదేశ్ కేసే. పుట్టుగుడ్డి అయిన ఒక దళిత యువతి మీద 2011లో అత్యాచారం జరిగింది. ఆమె గొంతుని బట్టి నేరస్థుణ్ణి గుర్తుపట్టింది. కులం, లింగం, వైకల్యం ఒకదానిలో ఒకటి ఎలా కలిసిపోయి ఉంటాయో కోర్టు చాలా వివరంగా రాసింది. అత్యాచారానికి వేసిన యావజ్జీవ శిక్షని ఖాయం చేసింది. కానీ ఆమె దళితురాలు కాబట్టే నేరం జరిగిందనడానికి రుజువు లేదంటూ అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షని కొట్టేసింది. అప్పటి చట్టం మాటలు అలా ఉన్నాయి. 2016 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో బాధితురాలి కులం తెలిసి నేరం చేస్తే చాలు. విడదియ్యలేమని ఒప్పుకున్న కోర్టే చట్టం కోసం విడదియ్యాల్సొచ్చింది. ఇలాంటి చోట చట్టంలో లోపం ఇదీ అని ముందుగా ఎత్తిచూపడమే మహిళా కమిషన్ పని. చట్టాలని సమీక్షించి సవరణలు సూచించాలని ఆ పదో సెక్షనే చెప్తోంది.

బయటి దేశాల అనుభవం ఒకటి చూద్దాం. స్వీడన్‌లో 1980లో స్త్రీపురుష సమానత్వానికి ప్రత్యేకంగా ఒక అంబుడ్స్‌మన్ వచ్చారు. ఉద్యోగంలో వివక్షకి గురైనామె తరఫున ఆ అధికారే కోర్టుకెక్కి వాదించొచ్చు. 2009లో స్త్రీల వివక్షకీ, జాతి వివక్షకీ, వికలాంగుల వివక్షకీ వేరువేరుగా ఉన్న కార్యాలయాలన్నీ కలిపి ఒకటి చేశారు. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవాలని మేం అనడం లేదు. కలిపేస్తే మనదగ్గర దళితుల గుమ్మమే మాయమయ్యే ప్రమాదముంది. ఎస్సీ కమిషన్‌కి రాజ్యాంగంలోనే చోటుంది, మహిళా కమిషన్‌కి మామూలు చట్టమే ఆధారం. రెండు గుమ్మాలూ ఉండాలి. మధ్యలో దారి ఉండాలి.

ఇప్పుడు మళ్ళీ పట్టిసీమకొద్దాం. ఎత్తిపోతల పథకం మహిళా సమస్య అని ఎవరైనా అంటారా? మేం అంటాం. భూమి పోయిన రైతుకి పట్టా ఉంది. ఆ భూమిలో ఊడ్చి, కలుపు తీసి బతికినామెకి ఏ కాయితముంది? 2013 భూసేకరణ చట్టం మూడేళ్ళుగా అక్కడ పనిచేసి బతికిన కూలీల కుటుంబాల్ని కూడా బాధితులుగానే లెక్కేస్తుంది. వితంతువుల్నీ, విడాకులైనవాళ్ళనీ, మొగుడొదిలేసినవాళ్ళనీ వేరు కుటుంబాలుగా గుర్తిస్తుంది. రాత బాగుంది. మూడేళ్ళు కూలికెళ్ళానని ఆమె రుజువు చెయ్యాలంటే సాక్ష్యం చెప్పాల్సింది ఎవరు? ఆ ఆసామే. స్త్రీలకి సంబంధించిన ముఖ్య విధానాలన్నిటి మీదా కేంద్రం కమిషన్ని సంప్రదించాలని పదహారో సెక్షన్ చెప్తోంది. నీళ్ళూ భూమీ ఆ విధానాల్లోకి రావా? పుస్తెలూ కట్నమూ కాపురమూ మాత్రమే స్త్రీ సమస్యలా?

రాష్ట్ర కమిషన్ సంగతీ అంతే. 1998లో చట్టమొచ్చింది. విభజన తర్వాత అధ్యక్షురాళ్ళయిన నన్నపనేని రాజకుమారి తెలుగుదేశం నాయకురాలు, వాసిరెడ్డి పద్మ అప్పట్లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ నాయకురాలు. వ్యక్తుల మీద మాకు కోపం లేదు. అధికార పార్టీ ఇచ్చిన కుర్చీలో కూర్చుని ఆ ప్రభుత్వ పోలీసుల్నే నిలదియ్యడం ఎవరికి సాధ్యం?

మనవాళ్ళకీ ఒక మాట చెప్పాలి. దళిత ఉద్యమంలోనూ ఆమె గొంతు రెండోదే అయింది. 1995లో దళిత స్త్రీల జాతీయ సమాఖ్య విడిగా పెట్టుకోవాల్సొచ్చిందంటే అందుకు కారణం అగ్రకుల స్త్రీవాదం ఒక్కటే కాదు, మన మగ నాయకత్వం కూడా.

కమిషన్ వద్దని మేం అనడం లేదు. కొత్త చట్టం దాకా ఆగక్కర్లేని పనులు మూడున్నాయి. ప్రత్యేక సమస్యలకి కమిటీలు వేసే అధికారం కమిషన్‌కి ఎనిమిదో సెక్షన్ ఇచ్చింది. దళిత, ఆదివాసీ స్త్రీలకి శాశ్వత కమిటీ వెయ్యాలి. ఎక్కువమంది స్త్రీలకి సంబంధించిన వ్యాజ్యాలకి డబ్బిచ్చే అధికారముంది. దాన్ని అట్రాసిటీ కేసులకి వాడాలి. ఎస్సీ కమిషన్‌కిచ్చిన అర్జీని కాదనకుండా రెండు కమిషన్లూ కూర్చుని కలిపి విచారించాలి.

హిందూ కోడ్ బిల్లు ఆగిపోయినందుకు 1951లో మంత్రి పదవి వదులుకున్న మనిషి వారసులం మనం. స్త్రీల కోసం కుర్చీ వదులుకోవచ్చని ఆయన చూపించాడు. ఆ కుర్చీల్లో ఇప్పుడు కూర్చున్నవాళ్ళని కుర్చీ వదలమని మేం అడగడం లేదు. లేచి పట్టిసీమ రేవు దాకా రమ్మంటున్నాం.