లుస్సారి కొండకు కాలిబాట

ఇటలీ ఈశాన్య కొసన, ఆస్ట్రియా, స్లొవేనియా సరిహద్దులు కలిసే మూలన, తర్వీజియో అనే చిన్న పట్టణం ఉంది. దాని పక్కనే జూలియన్ ఆల్ప్స్‌లో లుస్సారి కొండ. ఎత్తు 1,790 మీటర్లు. ఎదురుగా మోంతాజియో, మాంగార్ట్ శిఖరాలు రెండున్నర వేల మీటర్లు దాటి నిలబడి ఉంటే, వాటి ముందు ఇది పొట్టిదే. అయినా ఆరు వందల ఏళ్లుగా జనం మొక్కుకుని ఎక్కుతున్నది దీన్నే. కొండకొమ్మున మరియమాత గుడి ఉంది. ఇటాలియన్లకు ఇది మోంతె లుస్సారి, స్లొవేనియన్లకు స్వేతె విషార్యె, జర్మన్ మాట్లాడేవాళ్లకు మరియా లుషారి. ముగ్గురూ తమ కొండే అంటారు. ముగ్గురి మాటా నిజమే.

కథ 1360 నాటిది. కొండ కింద కాంపొరోస్సో ఊళ్లో ఒక గొర్రెల కాపరి, తప్పిపోయిన మందను వెతుక్కుంటూ పైకి వెళ్లాడట. గొర్రెలన్నీ ఒక జునిపర్ పొద చుట్టూ మోకరిల్లి ఉన్నాయి. పొదలో బాలయేసును ఎత్తుకున్న మరియమాత ప్రతిమ! తెచ్చి ఊరి గురువు చేతిలో పెడితే, తెల్లారేసరికి అది మళ్లీ కొండమీదే కనిపించింది. మూడుసార్లు ఇలాగే జరిగాక, ఆ ప్రాంతపు మతాధిపతి అయిన అక్విలేయా పాట్రియార్క్ అక్కడే గుడి కట్టమన్నాడు. స్థలపురాణాలు వింటూ పెరిగిన మనకు ఈ కథలోని న్యాయం ఇట్టే అర్థమవుతుంది. అమ్మ కిందికి రానన్నది, కాబట్టి బిడ్డలే పైకి వెళ్లాలి. ఎక్కడమనేది గుడికి చేరే ఉపాయం మాత్రమే కాదు, పూజలో మొదటి భాగం కూడా.

అందుకే ఈ నడకకు ఒక పద్ధతి ఏర్పడింది. కాంపొరోస్సోలో మొదలయ్యే యాత్రికుల బాట దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కిస్తుంది. మామూలు నడకకు రెండున్నర, మూడు గంటలు. చెట్ల బోదెల మీద, రాళ్ల మీద ఎరుపు, తెలుపు రంగుల గుర్తులుంటాయి. దారి పలకల మీద రాసేది దూరం కాదు, పట్టే సమయం. కొండదారిలో కిలోమీటరు లెక్క ఎవరికీ అక్కరకు రాదు మరి. చాలామంది మొదటి అరగంటలోనే తప్పు చేస్తారు. కాళ్లలో సత్తువ ఉంది కదా అని వేగం పెంచి, సగం దారికే చతికిలబడతారు. అనుభవమున్నవాళ్లు మొదట్లోనే నెమ్మదిగా నడుస్తారు. పక్కమనిషితో మాట్లాడుతూ, జపమాల చెప్పుకుంటూ నడవగలిగినంత వేగమే సరైన వేగం. ఊపిరి అందక మాట తెగిందంటే అడుగు తగ్గించాలి. నిటారుగా ఉన్నచోట చిన్న చిన్న అడుగులు, పాదమంతా నేలకు ఆనేలా. మలుపులు తిరిగే దారిని అడ్డంగా కోసుకుని వెళ్లకూడదు. అలా వెళ్తే అలసట రెట్టింపవుతుంది, వానకు ఆ మట్టి కొట్టుకుపోయి దారే పాడవుతుంది.

బాట వెంట చిన్న చిన్న ప్రార్థనా స్థలాలు, సిలువలు ఉన్నాయి. భక్తులు అక్కడ ఆగుతారు, ఒక ప్రార్థన చెప్పుకుంటారు, మళ్లీ కదులుతారు. ముసలివాళ్లు కూడా ఇంత ఎత్తు ఎక్కగలగడంలో సగం రహస్యం ఈ మజిలీలదేనని నా నమ్మకం. భక్తి, విశ్రాంతి ఒకేచోట దొరుకుతాయి. అడవి దాటాక పశువుల కాపరుల మకాం ఉన్న పచ్చికబయలు వస్తుంది. అక్కణ్నుంచి ఆఖరి ఎక్కుడు. వేసవి మధ్యాహ్నాల్లో ఆల్ప్స్‌లో ఉరుములు, పిడుగులు మామూలే కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరడం తెలివైన పని. ఎదురుపడినవాళ్లు పలకరిస్తే బదులివ్వడం అక్కడి మర్యాద. ఇరుకుచోట దిగేవాళ్లు ఆగి, ఎక్కేవాళ్లకు దారిస్తారు. దిగడానికి ఒకప్పుడు ఇంకో సరదా ఏర్పాటు ఉండేది. ఊరి మగవాళ్లు యాత్రికులను చెక్క జారుడుబండ్ల మీద కూర్చోబెట్టుకుని వాలులో జారుస్తూ కిందికి చేర్చేవారు.

ఈ గుడి తట్టుకున్న దెబ్బలు తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 1786లో ఆస్ట్రియాను ఏలుతున్న రెండవ జోసెఫ్ చక్రవర్తి దీన్ని మూయించాడు. నాలుగేళ్లకే మళ్లీ తెరవాల్సి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఇటలీ ఫిరంగుల దెబ్బకు గుడి కాలిపోయింది. ప్రతిమను సురక్షిత ప్రాంతానికి తరలించారు కనుక దక్కింది. యుద్ధం తర్వాత ఈ లోయ ఆస్ట్రియా నుంచి ఇటలీ చేతిలోకి వెళ్లింది. గుడిని మళ్లీ కట్టారు. 1930 ప్రాంతంలో దాని గోడల మీద బొమ్మలు వేసింది స్లొవేనియా చిత్రకారుడు తోనె క్రాల్. ముస్సోలినీ ప్రభుత్వం స్లొవేనియన్ భాషను అణచివేస్తున్న కాలమది. 1939లో హిట్లర్, ముస్సోలినీల ఒప్పందం మూలంగా లోయలోని జర్మన్ కుటుంబాలు ఎన్నో ఇళ్లూవాకిళ్లూ వదిలి వెళ్లిపోయాయి. ఇంత జరిగిన చోట ఇవాళ ఒకే పీఠం మీద ఇటాలియన్, స్లొవేనియన్, జర్మన్ భాషల్లో పూజలు జరుగుతున్నాయి. ఒకరి తాతలు ఇంకొకరి తాతల మీద తుపాకీ పట్టినవాళ్లే. రాజకీయ ఒప్పందాలు చేయలేని పని ఈ కాలిబాట చేసిందంటే అతిశయోక్తి కాదు.

2023 మే 27న జిరో దితాలియా సైకిల్ పందెంలో ఈ కొండ మీదికి ఎక్కిన ప్రిమోజ్ రోగ్లిచ్‌ను చూడటానికి స్లొవేనియన్లు వేలాదిగా దారి పొడవునా నిలబడ్డారు. తమ దేశస్థుడైన అతను పందెంలో ముందున్నవాడికిచ్చే గులాబీ జెర్సీని ఆరోజే గెలిచాడు. కొండ పేరు చాలామంది సైకిల్ పందేల అభిమానులకు తెలిసింది అప్పుడే.

మరియమాతను కొండ మీద నిలిపే ఆచారం మన దాకా కూడా వచ్చింది. విజయవాడ గుణదల కొండ మీద 1924లో లూర్దుమాత ప్రతిమను నిలిపిన ఫాదర్ అర్లాటి ఇటలీ నుంచి వచ్చిన గురువే. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే తిరునాళ్లలో మెట్లెక్కే జనంలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు.

యూరప్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. జూలై, ఆగస్టు నెలలు ఈ నడకకు అనువైనవి. నీళ్లు, వానకోటు, పట్టున్న బూట్లు ఉంటే చాలు, కొండలెక్కే శిక్షణ అక్కర్లేదు. కాంపొరోస్సో నుంచి కేబుల్ కారు కూడా ఉంది. దాన్ని దిగడానికి వాడుకోండి. ఎక్కడం మాత్రం కాలినడకనే ఎక్కండి.